నోరు కూడిన బండి

ఉద్దనపల్లి బైరప్పను భుజం మీద తువ్వాలు లేకుండా చూసినవాళ్లు ఊళ్లో ఎవరూ లేరు. ఎర్ర అంచు తువ్వాలు అది. చెమట తుడుచుకోవడానికి కాదు, ఎండకు తలకు చుట్టుకోవడానికీ కాదు, ఆయనకు అది పనిముట్టు. పశువుల సంతలో బేరమంతా తువ్వాలు కిందే జరుగుతుంది. కొనేవాడూ అమ్మేవాడూ చేతులు కలుపుతారు, పైన తువ్వాలు కప్పుతారు, లోపల ఒకరి వేళ్లు ఒకరు పట్టుకుని ధర చెప్పుకుంటారు. చుట్టూ మూగినవాళ్లకు ఆ ధర తెలియదు, తెలియకూడదు. అందుకే లోపల ఏం జరిగినా పైన ముఖంలో చూపించకూడదన్నది ఆ వృత్తిలో మొదటి పాఠం. అడిగిన ధర విని గుండె ఆగినంత పనయినా సరే, దూరంగా ఎగురుతున్న కాకిని చూస్తున్నట్టు నిలబడాలి. ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఎంతోమందికి ఈ విద్య నేర్పింది బైరప్పే.

ఎద్దు నోరు తెరిచి చూస్తే చాలు, వయసు చెప్పేసేవాడు. రెండు పండ్లు, నాలుగు పండ్లు, ఆరు పండ్లు. ఎనిమిదీ వచ్చేశాయంటే నోరు కూడిందంటారు. ఆ తర్వాత దాని వయసు ఎవడూ కచ్చితంగా చెప్పలేడు కాబట్టి నోరు కూడినదాని జోలికి పోవద్దనేవాడు. నడక చూసేవాడు, పేడ చూసేవాడు, అన్నీ చూశాక అమ్మేవాడి ముఖం చూసేవాడు. "పగ్గం చేతులు మారేటప్పుడు అమ్మినోని కండ్లు చూడండప్పా. నీళ్లు తిరిగినాయా, ఇంకేమీ చూడకుండా తోలుకోండి. పండ్లు ఇకిలించినాడా, ఆడే వదిలేసి ఇంటికి రాండి" అని అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పేవాడు.

ఆ తర్వాత ట్రాక్టర్లు వచ్చాయి, ఎద్దులు పోయాయి. బైరప్పను సంతకు రమ్మని పిలిచేవాళ్లు ఒక్కొక్కరే తగ్గి, చివరికి పిలుపే లేకుండా పోయింది. తువ్వాలు మాత్రం రోజూ ఉతికి ఆరేసుకుని భుజాన వేసుకునే బయటికి వెళ్లేవాడు. టీ అంగడి బెంచీ మీద కూర్చుని దారిన పోయే ప్రతి ఆవుకూ వయసు చెప్పేవాడు. అడిగినవాడు లేడు, ఆవు కూడా ఆగేది కాదు.

అలాంటి కాలంలో బండి కొందామన్నది నంజమ్మ, ఆయన భార్య. వాళ్ల టమాటాలు రాయకోట మార్కెట్టుకు చేరాలంటే ఊళ్లో చెన్నరాయప్ప వ్యాను ఒక్కటే దిక్కు, ఆ వ్యాను ఎప్పుడు బయలుదేరుతుందో, ఎక్కడ ఆగిపోతుందో దానికే తెలియదు. వేలం పాట అయిపోయాక చేరిన టమాటాలను ఆమె దారిలో మేకలకు వేసి వచ్చిన రోజులున్నాయి. "గొర్రెల్లో సగం అమ్మేసి ఒక పాత డీజిలు బండి తీసుకుందాము. మా యతీశుకు రెండో షిఫ్టే గదా, పొద్దున పూట తోల్తాడు" అంది.

యతీశ్ ఆమె తమ్ముడు. హోసూరు ఫ్యాక్టరీలో పని చేస్తాడు, తెలియనిది ఏదైనా ఉంటే ఫోనును అడుగుతాడు. "బావా, నువ్వు రావద్దులే. నేనూ అక్కా పోయి చూసుకుంటాము. బండి ఏమన్నా ఎద్దా?" అన్నాడు.

ఆ మాట బైరప్పకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. నిజానికి ఆయనకు బండి మీద ఆశేమీ లేదు. తన కన్ను ఇంకా చెడిపోలేదని, తన మాటకు ఇంకా విలువ ఉందని ఊరికి చూపించుకోవాలన్న ఆశ మాత్రం కడుపులో ఆకలిలా ఉంది. "నాలుగు కాండ్లుంటే ఎద్దు, నాలుగు చక్రాలుంటే బండి. రొండూ బరువు లాగేవే. ఎంచేది నేను. బేరం చేసేదీ నేనే" అన్నాడు. గొర్రెలు అమ్మిన డబ్బు ఎంతో కూడా ఎవరికీ చెప్పకుండా నడుముకు కట్టుకున్నాడు.

హోసూరుకు పోయే బస్సులో యతీశ్ ఆయనకు పాఠం మొదలుపెట్టాడు. "పాత బండికి కిలోమీటరే ముఖ్యం బావా. ఎంత తక్కువ తిరిగింటే ఇంజను అంత కొత్తది. మీటర్లో నంబరు ఉంటుంది, చూస్తే తెలిసిపోతుంది."

"అంటే అదే దాని పండ్లా?"

"అట్లే అనుకో. యాభై వేలకు రొండు పండ్లు." యతీశ్ నవ్వులాటకు అన్నాడు. బైరప్ప నవ్వలేదు. కిటికీలోంచి చూస్తూ వేళ్ల మీద లెక్క వేశాడు. లక్షకు నాలుగు, లక్షన్నరకు ఆరు, రెండు లక్షలకు నోరు కూడుతుంది. ఇంత సులభమా ఈ విద్య అని ఆశ్చర్యపోయాడు. ఎద్దు నోరు తెరవడానికి ముట్టె పట్టుకోవాలి, తన్నులు కాచుకోవాలి. బండి పాపం తన వయసు తానే పలక మీద రాసిపెట్టుకుని కూర్చుంటుంది!

హోసూరు బయట పాత బండ్లు అమ్మే ఆ చోటు గోపీచంద్‌ది. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన కుర్రవాడు. "రండి బాబాయిగారూ, రండి పిన్నిగారూ, మజ్జిగ పుచ్చుకుంటారా?" అంటూ ఎదురొచ్చాడు. మాట మాటకూ అండి, మాట మాటకూ చిరునవ్వు. ఆ మర్యాదకే బైరప్ప సగం మెత్తబడిపోయాడు. నంజమ్మ మజ్జిగ తాగింది కాని మెత్తబడలేదు.

గోపీచంద్ నేరుగా ఒక తెల్ల బండి దగ్గరికి తీసుకుపోయాడు. వెనక సరుకు వేసుకునే తొట్టి, ముందు ముగ్గురు కూర్చునే సీటు, అద్దంలా చూసుకుని తల దువ్వుకోవచ్చనేటంత మెరుపు. "తోట యజమాని ఒకాయన కొనుక్కున్నారండి. తీరా తోట గుత్తకిచ్చేశారు. తొమ్మిదేళ్లూ షెడ్డులోనే ఉందండి, ఎండా వానా ఎరగదు. మీటరు చూడండి, పందొమ్మిది వేలు."

"మీటరు తిప్పింటారేమో" అన్నాడు యతీశ్, తెలివి చూపిస్తూ.

"మా పిల్లల మీద ఒట్టండి, తిప్పలేదు." ఆ మాట నిజమే. గోపీచంద్ అబద్ధం చెప్పే మనిషి కాదు, నిజాల్లో అమ్మకానికి పనికొచ్చేవి మాత్రమే చెప్పే మనిషి.

బైరప్ప లుంగీ ఎగ్గట్టి పరీక్ష మొదలుపెట్టాడు. "నోరు తెరువు" అన్నాడు. గోపీచంద్ ఒక క్షణం తన నోరే తెరవబోయి, సర్దుకుని బానెట్ ఎత్తాడు. బైరప్ప లోపలికి తల దూర్చి వాసన చూశాడు. పక్కలు తట్టాడు. తొట్టి మీద చెయ్యి వేసి వెన్ను దిగిందేమో నొక్కి చూశాడు. స్టార్ట్ చేయమన్నాడు. మొదటి రెండుసార్లూ దగ్గి ఊరుకుంది, మూడోసారి లేచింది. "చాలా రోజులై కదలలేదు కదండీ, బద్ధకం" అన్నాడు గోపీచంద్. నడిపించమని, బండి వెనకాలే తానూ నడుస్తూ నడక చూశాడు. చుట్టూ ఉన్న మెకానిక్కులు పని ఆపి ఈ ఊరేగింపును చూశారు.

మూలన ఇంకో బండి ఉంది. అదీ అలాంటిదే కాని రంగు వెలిసిపోయింది, తలుపు మీద గీతలు. దాని పక్కన ఒక పెద్దాయన నిలబడి పంచె చెంగుతో అద్దం తుడుస్తున్నాడు. పేరు అంజినప్ప. హోసూరు నుంచి కృష్ణగిరికి రోజూ పాలక్యాన్లు తోలిన మనిషి. మోకాలు చెడి క్లచ్చు తొక్కలేకపోతున్నాడు, అందుకని అమ్మకానికి పెట్టాడు. బైరప్ప ఊరికే చూద్దామని అటు పోయాడు. అంజినప్ప తాళం చెవి ఇలా తిప్పాడో లేదో బండి లేచింది. వెనక సైలెన్సర్ ముందు అరచెయ్యి పెట్టి చూస్తే చెయ్యి నల్లబడలేదు. వణుకు లేదు, గురక లేదు. గోపీచంద్ ఒక చుట్టు తిప్పుకొచ్చాక అంజినప్ప ఇంజను వెంటనే ఆపనివ్వలేదు, కాసేపు ఊరికే ఆడనిచ్చాడు.

"ఎందుకప్పా, డీజిలు దండగ గదా?" అన్నాడు యతీశ్.

"ఉరికొచ్చిన దాన్ని టక్కున ఆపకూడదప్పా. ఊపిరి తీసుకోనీయల్ల" అన్నాడు అంజినప్ప. "ఆయిలు మార్చే పొద్దు నేను ఒక్కసారి కూడా దాటించలేదు."

బైరప్ప మనసు ఆ బండి మీదికి పోయింది. "దీని ఊపిరి శానా బాగుండాది" అని పైకే అన్నాడు. అప్పుడు యతీశ్ లోపలికి వంగి మీటరు చదివాడు. "బావా, మూడు లక్షలు దాటింది!"

అంతే. మనసు ఎంత తొందరగా పోయిందో అంత తొందరగా వెనక్కి వచ్చేసింది. మూడు లక్షలంటే నోరు కూడి ఏ కాలమో అయింది! పండ్లు లెక్కబెట్టే పనే లేదు. తన జీవితంలో నోరు కూడిన పశువు కొనలేదు, ఇంకొకరిని కొననివ్వలేదు. "తెల్లదే ఖాయం" అన్నాడు.

నంజమ్మ ఆయన చొక్కా పట్టి లాగింది. "ఏమయ్యా, ఆ పెద్దాయన ముఖం చూడు."

అంజినప్ప కళ్లు తడిగా ఉన్నాయి. బైరప్ప చూశాడు, చూసి తల తిప్పుకున్నాడు. "పొగ పడింటుంది కంట్లో."

"పొగే లేదని ఇప్పుడే గదా చెప్తివి?"

"నువ్వు ఊరుకో నంజా. ఇది ఆడోళ్లకు తెలిసేది కాదు" అన్నాడు. ఇలాంటి మాట అన్నాక మగవాడికి ఎప్పుడూ మంచి జరగలేదు, కాని ఈ సంగతి ఆయనకు ఎవరూ చెప్పి ఉండరు.

బేరానికి తువ్వాలు తీసి కప్పాడు. గోపీచంద్‌కు వేళ్ల భాష రాదు. బైరప్ప రెండు వేళ్లు పట్టుకుంటే అతను చక్కిలిగింతలై కిసుక్కున నవ్వాడు. ఎలా చెప్పాలో తోచక చివరికి తన ఫోన్ తువ్వాలు కిందికి దూర్చి అందులో నంబరు కొట్టాడు. బైరప్ప తల వంచి చూశాడు. తువ్వాలు లోంచి వెలుతురు వస్తుంటే ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు తలలు దూర్చి లేచారు. ఏ నంబరు దగ్గర బేరం కుదిరిందో నంజమ్మకు తెలియలేదు. గోపీచంద్ ముఖం మాత్రం వెలిగిపోతోంది. బైరప్ప ముఖంలో ఏమీ లేదు, దూరాన కాకిని చూస్తున్నాడు. నంజమ్మ దారిలో అడిగింది, ఇంట్లో అడిగింది, అన్నం పెడుతూ అడిగింది. "తువ్వాలు కింద మాట బయట చెప్పకూడదు" అన్నదే జవాబు.

మరునాడు టీ అంగడిలో బైరప్ప హోసూరు యాత్రనంతా ఆడి చూపించాడు. తెల్ల బండి నడక ఎలా ఉందో నడిచి చూపాడు. పనిలో పనిగా, "మూలన ఇంకొగటి ఉండె. దాని ఊపిరి చూడల్ల అప్పా! చెయ్యి పెడితే మసి అంటలేదు, ఇట్ల తిప్పితే అట్ల లేచె" అన్నాడు. ఆ తర్వాత నోరు కూడిన సంగతీ చెప్పాడు కాని, అప్పటికే చెన్నరాయప్ప టీ గ్లాసు కింద పెట్టి లేచి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం అంజినప్ప బండి ఉద్దనపల్లిలోకి వచ్చింది. తోలుతున్నది చెన్నరాయప్ప.

ఊరికి పండగే అయింది. రెండు బండ్లు, ఇద్దరు మనుషులు, ఏది ముందు చెడి మూలన పడుతుందని పందేలు. బైరప్ప అయితే చెన్నరాయప్పను చూసినప్పుడల్లా, "ఏమప్పా, మీ ముసలమ్మ బాగుండాదా? గంజి తాగిందా?" అని అడిగేవాడు. చెన్నరాయప్ప నవ్వి ఊరుకునేవాడు. ఆ నవ్వు చూసి రేగిపోయి ఒక రోజు బైరప్ప అందరి ముందూ భుజం మీది తువ్వాలు తీసి ఎత్తి పట్టాడు. "నా బండి కంటే ముందు ఆ ముసలిది పడల్ల. పడకపోతే ఈ తువ్వాలు తీసి నంజమ్మకు ఇచ్చేస్తా, బండి తుడుచుకోమని. మళ్లీ ఏ జీవాన్నీ, ఏ బండినీ ఎంచను!"

ఇంటికొచ్చాక ఆ మాట అనకుండా ఉండాల్సిందనిపించింది. ఎందుకంటే తెల్ల బండి అలవాట్లు ఆయనకు అప్పటికే తెలిసొస్తున్నాయి. పొద్దున లేవడానికి బతిమాలించుకునేది. రాయకోట చేరేలోగా ఒకసారి దగ్గేది. ఒక రోజు బానెట్ ఎత్తితే ఎలుక గూడు బయటపడింది. డీజిలు మాత్రం కల్లు తాగినట్టు తాగేది. "కొత్త కాడికి కడితే ఏ ఎద్దయినా అంతే, కొన్నాళ్లు మొరాయిస్తుంది" అని సర్దిచెప్పాడు. యతీశ్ ఫోనును అడిగాడు, ఫోను చాలా చెప్పింది, అందులో ఏదీ బావకు చెప్పే ధైర్యం లేక ఊరుకున్నాడు.

కృష్ణగిరిలో టమాటాకు మంచి గిరాకీ ఉందని తెలిసి ఒక రోజు తెల్లవారగానే ముగ్గురూ తొట్టి నిండా లోడు వేసుకుని బయలుదేరారు. యతీశ్ తోలుతున్నాడు, మధ్యలో బైరప్ప, కిటికీ పక్కన నంజమ్మ. ఆ రోజు బండి ముచ్చటగా పోయింది. బైరప్ప నోట పాట వచ్చింది. కృష్ణగిరి ముందు టోల్‌గేటు దగ్గర వరుసలో నిలబడ్డారు, తమ వంతు వచ్చింది, గేటు లేచింది, బండి ముక్కు గేటు దాటింది. అక్కడ ఇంజను ఒక్క దగ్గు దగ్గి ఆగిపోయింది. తోక గేటు ఇవతలే ఉండిపోయింది.

యతీశ్ తాళం తిప్పాడు. ఇంకోసారి తిప్పాడు. లోపల కుయ్‌మన్న చప్పుడు, అదీ పోయింది. వెనక లారీలు, కార్లు, బస్సులు, ఒకదాని వెంట ఒకటి హారన్లు అందుకున్నాయి. టోల్‌గేటు మనిషి తమిళంలో అరిచాడు. బెంగుళూరు కారువాడు కన్నడంలో తిట్టాడు. చిత్తూరు లారీవాడు తెలుగులో వంశం మొత్తాన్ని తలుచుకున్నాడు. బైరప్పకు మూడు భాషలూ బాగా వచ్చు. ఏ ఒక్కటీ రాకపోయి ఉంటే ఎంత బాగుండునని ఆయన జీవితంలో మొదటిసారి అనుకున్నాడు.

అప్పుడే వెనక లారీ పక్కనుంచి ఒక గొంతు వినిపించింది. "ఎవురప్పా అది, బండి అడ్డం పెట్టి... ఓయ్, బైరప్పన్నా!"

చెన్నరాయప్ప! బైరప్ప తువ్వాలు లాగి ముఖం మీద కప్పుకుని సీట్లో కిందికి జారాడు. అన్నేళ్లుగా ధరలు దాచిన తువ్వాలు ఆ రోజు మనిషినే దాచాల్సి వచ్చింది. కాని నంజమ్మ కిటికీలోంచి తల బయటపెట్టి, "ఈడే ఉండాడు. తాడు ఉంటే తీసుకురా చెన్నరాయప్పా" అంది.

చెన్నరాయప్ప తన బండిని పక్క వరుసలోంచి ముందుకు తెచ్చి తాడు కట్టాడు. రంగు వెలిసిన ముసలి బండి, వెనక తన సొంత లోడుతో సహా, తళతళలాడే తెల్ల బండిని టమాటాలతో సహా లాక్కుంటూ కృష్ణగిరి మార్కెట్టుకు పోయింది. గురక లేదు, వణుకు లేదు. ముందు ఆ బండి సైలెన్సర్‌నే చూస్తూ కూర్చున్నాడు బైరప్ప. పొగ కనిపిస్తుందేమోనని దారి పొడవునా చూశాడు. రాలేదు.

సరుకు దింపాక చెన్నరాయప్ప తెల్ల బండి కిందికి దూరి చూసి వచ్చాడు. "నిలబెట్టేసిన బండన్నా ఇది. ట్యాంకులో డీజిలు పాచి పట్టింది, పైపులు ఎండి పగిలినాయి. డీజిలు ఇంజనుకు పరుగే ఆరోగ్యము. దినామూ పెద్ద రోడ్డు మీద ఒకే తీరుగా పోయి, వేళకు ఆయిలు మార్చింటే మూడు లక్షలేమి, ఇంకా పోతుంది. షెడ్డులో తొమ్మిదేండ్లు కట్టేస్తే పందొమ్మిది వేలకే అయిపోతుంది."

బైరప్పకు ఒళ్లు మండింది, తన మీద తనకే. ఒకప్పుడు ఒక షావుకారు ముద్దుగా కట్టేసి మేపిన ఎద్దును చూపిస్తే, "ఇది మొదటి చాలులోనే కూలబడుతుందప్పా, పని చేసే ఎద్దును చూపించు" అని పంపేసింది తనే. అంత తెలిసిన మనిషి ఒక పలక మీద నంబరు చూసి మోసపోయాడు. మోసం చేసినవాడు కూడా లేడు, అదే ఇంకా బాధ.

అదే తాడుతో సాయంత్రం ఉద్దనపల్లి వీధిలోకి వచ్చారు. సంత నుంచి తోలుకొచ్చిన పశువులా వెనకాలే వచ్చింది తెల్ల బండి. ఊరంతా బయటికొచ్చి చూసింది. బైరప్ప ఇంట్లోకి పోయి తువ్వాలు మడిచి నంజమ్మ చేతిలో పెట్టాడు. "తుడుచుకో" అన్నాడు. ఆమె తీసుకుని గోడకున్న మేకుకు తగిలించింది. "ఎంతకు కొన్నావు?" అని మాత్రం అడిగింది. ఆయన చెప్పలేదు.

కాని కథ ఊళ్లో ఇంకో దారి పట్టింది. టీ అంగడిలో చెన్నరాయప్ప నవ్వులాట ఏమీ చేయలేదు. "బైరప్పన్న దీని ఊపిరి బాగుండాదని ఆ పొద్దు చెప్పకపోయింటే నేను కొనింటానా? ఆయన కన్ను కన్నే" అన్నాడు. అక్కడినుంచి ఆ మాట పెరిగింది. వారం తిరిగేసరికి బైరప్ప మంచి బండిని తెలిసి తెలిసి ఊరివాడికి వదిలిపెట్టి, చెడ్డదాన్ని తాను పెట్టుకున్న మహానుభావుడైపోయాడు. టీ అంగడిలో బెంచీ మీద జరిగి చోటిచ్చారు. బైరప్ప అవుననలేదు, కాదనలేదు. టీ ఊదుకుంటూ తాగాడు. భుజం మీద తువ్వాలు ఏదని అడిగితే, "ఉతకడానికి వేసినాను" అన్నాడు. ఎన్నాళ్లు ఉతుకుతారని మాత్రం ఎవరూ అడగలేదు. ఇంటి ముందు తెల్ల బండిలో కోళ్లు గుడ్లు పెట్టడం మొదలుపెట్టాయి.

ఒక పొద్దున కల్లావి నుంచి ఒక రైతు ఆయన ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. మామిడికాయలు తోలడానికి పాత డీజిలు బండి కావాలట, కృష్ణగిరిలో రెండు చూసి పెట్టుకున్నాడట. "పండ్లు చూసే బైరప్ప మీరే గదా? ఒక మాట మీరు చూసి చెప్తే చాలప్పా" అన్నాడు. ఎన్నేళ్లకు వచ్చిన పిలుపు! బైరప్పకు కళ్లు చెమర్చాయి. లేచి నిలబడ్డాడు, చొక్కా వేసుకున్నాడు, అలవాటుగా చెయ్యి భుజం మీదికి పోయింది. భుజం ఖాళీగా ఉంది. మేకు వైపు చూశాడు. మేకు కింద నంజమ్మ బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు. చేటలో చెయ్యి మాత్రం ఆగింది.

బైరప్ప మళ్లీ కూర్చున్నాడు. ఈ ఒక్క మాటతో వచ్చిన గౌరవమంతా పోతుందని ఆయనకు తెలుసు. అయినా నోరు ఆగలేదు.

"నేను రానప్పా. ఆ పొద్దు హోసూర్లో నేను నంబరు చూసి మోసపోయినాను. అదో, బయట కోళ్ల గూడు, అది నేను ఎంచినదే. మంచి బండిని కనిపెట్టింది మా ఇంటిది. నేను బండిని చూసినాను, ఆమె అమ్మేవాని కండ్లు చూసింది. చెప్పింది కూడా. నేనే నోరు మూయించినాను."

కల్లావి రైతు ఆయన్నీ ఆమెనూ మార్చి మార్చి చూశాడు. దూరం నుంచి వచ్చినవాడు, ఉత్త చేతులతో పోలేడు. "అట్లయితే అమ్మనే రమ్మంటానప్పా" అన్నాడు.

నంజమ్మ చేట పక్కన పెట్టింది. లేచి మేకుకున్న తువ్వాలు తీసి, దులిపి, తన భుజం మీద వేసుకుంది. గడప దాటి వెనక్కి తిరిగింది. "ఏమయ్యా, కూర్చున్నావేమి? బానెట్లో తల పెట్టేదెవరు? వేళ్ల భాష నాకు రాదు. నడువు."

కృష్ణగిరిలో మొదటి బండి మీటరు యాభై వేలు కూడా దాటలేదు. అమ్మేవాడు వాళ్లను చూడగానే మీటరు చూపించి పండ్లన్నీ బయటపెట్టాడు. నంజమ్మ బండి వైపు చూడనే లేదు, అతని పండ్లు చూసి ముందుకు నడిచిపోయింది. రెండో బండి మనిషి రోజూ ధర్మపురికి పూల బుట్టలు తోలినవాడు. కల్లావి రైతు తలుపు దడాలున వేస్తే, "మెల్లగా వేయండప్పా, దానికి అట్ల అలవాటు లేదు" అని తానే వచ్చి తలుపు నిమిరాడు. నంజమ్మ బైరప్ప వైపు చూసి తల ఊపింది.

బైరప్ప లుంగీ ఎగ్గట్టాడు. మీటరు జోలికి పోలేదు. "దినామూ తిరిగిందా, నిలబడిందా? ఆయిలు ఎప్పుడెప్పుడు మార్చినావు?" అని అడిగాడు. సైలెన్సర్ ముందు అరచెయ్యి పెట్టాడు. చెయ్యి శుభ్రంగా వచ్చింది. నడక చూశాడు. బాగుంది అన్నాడు, అని నంజమ్మ ముఖం చూశాడు, ఆమె కూడా బాగుందన్నాక అప్పుడు చెయ్యి చాచాడు. నంజమ్మ తన భుజం మీది తువ్వాలు తీసి ఇద్దరి చేతుల మీదా కప్పింది. పూలబండి మనిషి సంత తెలిసినవాడే, వేళ్లు చకచకా మాట్లాడాయి. బేరం కుదిరింది. అతను చెయ్యి తీసుకున్నాడు. కల్లావి రైతు సంతోషంగా బండి చుట్టూ తిరగసాగాడు.

బైరప్ప కూడా చెయ్యి తీయబోయాడు. వీలు కాలేదు. తువ్వాలు కిందికి ఇంకో చెయ్యి వచ్చి ఆయన మణికట్టు పట్టుకుంది. గాజులు గలగలమన్నాయి.

"ఇప్పుడు తువ్వాలు నాదే గదా" అంది నంజమ్మ మెల్లగా. "బయట చెప్పకూడదంటివి. లోపల చెప్పు. తెల్లదానికి ఎన్ని వేళ్లు?"

తప్పించుకునే దారి లేదు. బైరప్ప ఆమె చెయ్యి తడుముకుని, ఒక వేలు పట్టుకున్నాడు, ఇంకోటి పట్టుకున్నాడు, ఇంకోటి. ఆగుతాడేమోనని ఆమె చూసింది. ఆయన ఆగలేదు. వేళ్లు చాలక మళ్లీ మొదటినుంచి అందుకున్నాడు.

ఆమె ముఖంలో ఏ మార్పూ లేదు. ఎదురుగా ధర్మపురి బస్సు పోతుంటే దాన్ని చూస్తూ నిలబడింది. తువ్వాలు కింద మాత్రం ఆయన చిటికెన వేలు పట్టుకుని, వెనక్కి వంచింది. వంచుతూనే ఉంది.

"ఏమప్పా, అంతా బాగుండాది గదా?" అని అడిగాడు కల్లావి రైతు, బండి అవతలి నుంచి.

"శానా బాగుండాది" అన్నాడు బైరప్ప, దూరాన ఎగురుతున్న కాకిని చూస్తూ.